పత్తికి దాయాది

బ్రాడీపేట, గుంటూరు
14-6-86

అక్కా,

నమస్కారంతో మొదలుపెడితే ఏదో అడగబోతున్నానని నీకు తెలిసిపోతుంది. అందుకని ముందే చెప్పేస్తున్నాను, అడగబోతున్నాను. కానీ ముందు వార్త. ఉద్యోగానికి ఏడాదిపాటు జీతం లేని సెలవు పెట్టేశాను. నీ మరదలు వెంకటరావమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు మాట్లాడింది. మాట్లాడకుండా ఉంటేనే బాగుండేది.

సంగతి మన ఊరి దివాణం తోట. జమీందారుగారి మనవరాలు శేషాయమ్మగారు మద్రాసు నుంచి వచ్చి, ఉద్యానశాఖలో ఆ ఊరివాడెవడైనా ఉన్నాడా అని వాకబు చేసి నన్ను పట్టుకున్నారు. తోటని తాతగారి కాలంలో ఎలా ఉండేదో అలా నిలబెట్టి, ఊరికి ఇచ్చెయ్యాలని ఆవిడ కోరిక. ఆ గోడ దూకి జామకాయలు కోసినవాణ్ణి, కాదనటానికి నాకు నోరెక్కడిది? పోయిన వారం మీ ఇంట్లో భోంచేసి తోటలోకి వెళ్ళింది అందుకే. అప్పటికి ఖాయం కాలేదని నీకు చెప్పలేదు.

మండపం కూలింది. కొలను పూడింది. ప్రహరీ రాళ్ళు ఊళ్ళో ఎవరెవరి అరుగుల్లోనో ఉన్నాయి, మీ అరుగులో కూడా రెండున్నాయి, చూశాను. నిలబడి ఉన్నవి చెట్లే. గోడంటే ఏ తాపీమేస్త్రీ అయినా మళ్ళీ కడతాడు, వందేళ్ళ చెట్టుని ఎవరు కడతారు? పాత ఫొటో ఒక్కటీ లేదు. అయినా మీ పొలం గట్టు వెంబడి గంగరావి వరస ఉంది కదా, పద్నాలుగు చెట్లు, ఆ వరస ఎటు వంగిందో పాత బండిదారి అటు వంగింది. అవతలి వరస ఎప్పుడో పోయింది. ఇవతలిది చాలు, దారి మొత్తం దొరుకుతుంది. శేషాయమ్మగారికీ ఆ వరసంటేనే ప్రాణం. చిన్నప్పుడు ఆ నీడలోనే బండిలో వచ్చేవారట. "ఆ నీడ ఉంటేనే అది మా తాతగారి తోట. లేకపోతే ఇళ్ళస్థలాలకి అమ్మేస్తాను" అన్నారు. తమాషాకి అన్నట్టు లేదు.

ఒక విశేషం బావకి చెప్పు, సరదాపడతాడు. గంగరావి పత్తికి దాయాది. నిజం, రెండూ ఒకే కుటుంబం. పువ్వు చూడమను, అచ్చం పత్తిపువ్వు. పొద్దున పసుపు, సాయంత్రానికి ఎరుపు. పత్తికాయల మీద వాలే ఎర్రనల్లి గంగరావి కాయల మీదా వాలుతుంది. పురుగులకి కూడా వావివరసలు తెలుసన్నమాట.

ఇక అడగబోయేది. పీరుని కాపలా పెట్టాను. కొత్త మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడో, పోశానని చెబుతున్నాడో, వారానికోసారి తొంగిచూసి రాయి. నాకిక్కడ కాలు నిలవటం లేదు.

నీ తమ్ముడు
యలమందయ్య

చినవెలగపాడు
2-7-86

యలమందా,

అక్క దీవెనలు. ఉద్యోగం వదిలినవాడికి దీవెనలు కాస్త ఎక్కువ కావాలి కాబట్టి రెండు చేతులా దీవిస్తున్నాను.

నీ ఉత్తరం ఎప్పటిలాగే అరుగుమీద చదివించాం. మా శివకుమారి చదువుతుంటే మీ బావ చుట్ట కాలుస్తూ విన్నాడు, పక్కింటి సంజీవరావు పని మానుకుని మరీ విన్నాడు. మన ఇంటికొచ్చిన ఉత్తరం మనకొక్కరికే వచ్చినట్టు కాదు కదా. దాయాది మాట దగ్గర అందరూ ఒకటే నవ్వు. మీ బావ అన్నాడు, "దాయాదే అయ్యుండాలి. ఏటా గట్టు పక్క రెండు సాళ్ళూ నీడకి గిడసబారుతున్నాయి. అయినవాళ్ళు కాకపోతే ఇంత సాధింపు ఎవరు సాధిస్తారు?" అని. ఆ మాట ఊరంతా తిరిగి మళ్ళీ నా దగ్గరికే వచ్చింది.

మిరపకి పోయినేడు రేటు లేదని ఈసారి ఉన్నదంతా పత్తే వేస్తున్నాడు. ఊరంతా అంతే. ఎటు చూసినా పత్తే. పప్పులోకి నాలుగు మిరపకాయలు కూడా కొనుక్కోవాలి కాబోలు.

నీ తోటకి వెళ్ళాను. పీరు నీళ్ళు పోస్తున్నాడు, నేను చూస్తున్నప్పుడు. పొగడచెట్లు గుండ్రంగా ఉన్నాయి, నాలుగోది ఏమైందో అని మొన్న వచ్చినప్పుడు అన్నావే, డెబ్భై ఏడు తుపానుకి పడింది. దాని మొద్దు మీదే పీరు భార్య పొయ్యి పెట్టుకుంది. నీ గుండ్రం పూర్తి కావాలంటే ఆ పొయ్యి తీయించాలి. నువ్వే వచ్చి అడుగు, ఆవిడ నోరంటే నాకు భయం. గంగరావుల కింద కాసేపు కూర్చున్నాను. మనం ఆ కాయలతో బొంగరాలు ఆడుకున్నది గుర్తొచ్చింది. నువ్వు ఓడిపోతే ఏడ్చేవాడివి, ఇప్పుడెలా ఉందో నీ సంగతి.

శివకుమారికి పిడుగురాళ్ల వైపు సంబంధం ఒకటి చూస్తున్నాం. అబ్బాయి బడిపంతులు. కుదిరితే గంపలో పిల్లని మోసుకొచ్చేది మేనమామవి నువ్వే. ఇప్పటినుంచే దండీలు తియ్యి. పిల్ల నాలాగా పలచన కాదు.

మీ అక్క
సుబ్బరావమ్మ

బ్రాడీపేట, గుంటూరు
20-8-86

అక్కా,

నిద్ర పట్టటంలేదు, కానీ సంతోషంతో. పొగడ మొద్దు గురించి నువ్వు రాసిన రెండు ముక్కలతో పటం ఒక కొలిక్కి వచ్చింది. నాలుగు పొగడల మధ్య నిలబడి చూస్తే గంగరావి వరస వంపు తిరిగే చోటు సూటిగా కనపడుతుంది. అంటే జమీందారుగారు అక్కడ కూర్చుని, వచ్చే బండి ఎవరిదో చూసేవారు. రాళ్ళేవీ చెప్పని సంగతి చెట్లు చెప్పాయి. మొన్న అక్కడ నిలబడి ఒక్కణ్ణే పెద్దగా నవ్వుకున్నాను, పీరు భయపడ్డాడు.

శేషాయమ్మగారు పంపిన ఇంజనీరుతోనే నా బాధంతా. నీళ్ళు పైకి చిమ్మే ఫౌంటెను కావాలంటాడు, సిమెంటు బెంచీలంటాడు, చెట్లకి ఎరుపూ తెలుపూ రంగు వెయ్యాలంటాడు. పాత తోటని నిలబెట్టటమంటే కొత్తవి తెచ్చి పెట్టటం కాదయ్యా, ఉన్న చెట్టుని ఉన్నచోట ఉండనిచ్చి మిగతాదంతా దానికి ఒదిగేట్టు చెయ్యటం అని చెప్పాను. "మీరు కవులా?" అన్నాడు. కవిని కాదు, నాకు కోపం ఎక్కువ అన్నాను.

ఒక మాట, నొచ్చుకోకు. నేను పెట్టిన పొగడ మొక్కని బావ గేదె తినేసిందని పీరు కార్డు రాయించాడు. గట్టు అటు తోట ఇటు పొలం, గేదెకి తెలీదు, బావకి తెలియాలి కదా. కాస్త గట్టిగా చెప్పు. జనవరి ఆఖర్లో శేషాయమ్మగారు స్వయంగా చూడటానికి వస్తున్నారు. అప్పటికి దారి మీద ఒక్క ఆకు కూడా తేడా రాకూడదు.

యలమంద

చినవెలగపాడు
16-10-86

యలమందా,

మా గేదె నీ మొక్క తినలేదు. అది ఆ నెలంతా ఈని పాకలోనే ఉంది. తిన్నది పీరు మేకే, వాడి మాట నమ్మి నువ్వు మీ బావని అన్నావు. ఆ ఉత్తరమూ అరుగుమీదే చదివారు. మీ బావ చుట్ట ఆరిపోయినా తెలీకుండా పీలుస్తూ కూర్చున్నాడు. అంతకన్నా రెండు తిట్లు తిడితే నాకు హాయిగా ఉండేది.

ఇప్పుడు గేదె సంగతి ఎవరికీ పట్టదులే. పత్తికి తెల్లదోమ వచ్చింది. నువ్వు చూసి ఉండవు ఇంత. చేలో నడిస్తే పిండి ఎగిరినట్టు లేస్తుంది, కళ్ళల్లో పడుతుంది, ముక్కుల్లో పోతుంది. ఆకులు జిగురు కారి నల్లగా మసి పట్టాయి. గూడా మొగ్గా రాలిపోతున్నాయి. మీ బావ మందు కొట్టి వస్తాడు, ఇంకో మందు తెస్తాడు, మళ్ళీ కొడతాడు. ఒంటిమీద ఆ వాసన పోవటంలేదు. అన్నం ముందు కూర్చుని లేచిపోతాడు. మంచం మీద పడుకుని లేచిపోతాడు. వీధిలోకి పోతాడు, లోపలికొస్తాడు. ఆయన్ని చూస్తుంటే నాకూ కాళ్ళు ఒక చోట ఆగటంలేదు, కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతున్నాను.

సత్తెనపల్లి మందుల కొట్టాయన ఏమన్నాడో తెలుసా? చుట్టుపక్కల చెట్ల మీద దోమ కాపురం ఉంటే మందు కొట్టి లాభం లేదన్నాడట. మీ బావ ఇంటికి రాగానే శివకుమారిని పిలిచి జూన్ నాటి నీ ఉత్తరం మళ్ళీ చదివించాడు. దాయాది అన్న చోట ఆపమన్నాడు. "దాయాది ఇంట్లో మైల వస్తే మనకి అంటుతుందా లేదా?" అన్నాడు. ఇద్దరు ముగ్గురు తలలూపారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

అందుకని అడుగుతున్నాను, నాకు తెలిసేట్టు రాయి. ఈ దోమ నీ గంగరావుల మీంచి వస్తోందా, లేదా? అవును అనో కాదు అనో రాయి. వెంటనే రాయి.

అక్క

బ్రాడీపేట, గుంటూరు
9-11-86

అక్కా,

ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. మద్రాసు వెళ్ళి శేషాయమ్మగారికి పటం చూపించి వచ్చాను. గంగరావి వంపు దగ్గర వేలు పెట్టారు. ఇక్కడే మా బండి ఆగేది, తాతయ్య చెయ్యి ఊపేవారు అన్నారు. పొగడల మధ్య కూర్చునేవారన్న నా ఊహ నిజమే! ఆ క్షణం కోసం ఇంకో ఏడాది జీతం వదులుకోమన్నా వదులుకుంటాను. ఈ మాట నీ మరదలికి చెప్పకు.

పత్తి సంగతి విన్నాను. గుంటూరంతా అదే మాట, ఒంగోలు దాకా ఇదే గోల. బావని కంగారుపడొద్దని చెప్పు. దాయాదుల మీద అనుమానం ఎక్కడైనా సహజమే, చెట్ల దాకా వచ్చిందన్నమాట! వానపడితే దోమ తగ్గుతుంది. జనవరికి దారి మీద రాలిన ఆకులు ఊడిపించే మనుషులు కావాలి, ఎవరైనా ఉంటే చూసిపెట్టు.

పొగడల మధ్య పీరు భార్య పొయ్యి తీసేసింది. ఆవిడకి మంచి పొయ్యి కట్టించి ఇచ్చాను. నోరు మాత్రం అలాగే ఉంది.

యలమంద

చినవెలగపాడు
21-12-86

యలమందా,

అవునా కాదా అని అడిగాను. నువ్వు పొయ్యి గురించి రాశావు.

పత్తి పీకేస్తున్నారు. ఊళ్ళో మొదట పీకింది మీ బావే. పొద్దున పోయి సాయంత్రం దాకా పీకాడు. కట్టెలు తెచ్చి ఇంటి వెనక వేశాడు, అవైనా పొయ్యిలోకి పనికొస్తాయని. సంజీవరావు మిగిలిన ఒక చేను చెక్కకి ఇంకా మందు కొడుతూనే ఉన్నాడు, ఆపితే పిచ్చెక్కుతుందట.

రచ్చ దగ్గర పంచాయితీ జరిగింది. వచ్చే ఏడు పత్తి వెయ్యాలంటే దివాణం చెట్లు తియ్యాలన్నారు. నీ తమ్ముడే తన నోటితో చెప్పాడు దాయాదులని, ఆ తరవాత అడిగితే కాదనలేదు కదా అని నా మొహం మీదే అన్నారు. ఏం చెప్పను? నువ్వు కాదనలేదు మరి. సంక్రాంతి దాకా ఆగమని మీ బావని బతిమాలాను. ఆగుతానన్నాడు. ఎవరి కోసమూ ఆగని మనిషి నాకోసం ఆగాడు, అది గుర్తుపెట్టుకో.

శివకుమారికి ఆ సంబంధమే ఖాయమైంది. వైశాఖంలో పెళ్ళి. పిల్ల సంతోషంగా ఉంది, పైకి చూపించటంలేదు, ఇంట్లో వాళ్ళ నాన్న మొహం అలా ఉంది కాబట్టి.

ఉత్తరం రాయకు. మనిషివి రా. మీ బావ ఎదురుగా కూర్చుని చెప్పు. నీ చదువు కాగితం మీద కంటే నోట్లో బాగుంటుంది.

అక్క

బ్రాడీపేట, గుంటూరు
30-1-87

అక్కా,

రాలేకపోయాను. శేషాయమ్మగారి రాక ఫిబ్రవరి ఆఖరికి వాయిదా పడింది, ఇంజనీరు కొలనులో సిమెంటు పోయించబోతే పరిగెత్తి ఆపాల్సి వచ్చింది, ఈలోగా వెంకటరావమ్మకి జ్వరం. నాకు ఒక్క పూట ఖాళీ లేదు.

చెప్పమన్నావు, చెబుతున్నాను. నేను ఎర్రనల్లి అని రాశాను. తెల్లదోమ అని రాయలేదు. తెల్లదోమ వంగ మీద ఉంటుంది, బెండ మీద ఉంటుంది, పొగాకు మీద, గట్టుమీది పిచ్చిమొక్కల మీద, అన్నిటికన్నా పత్తి మీదే ఉంటుంది. దోమని తినే పురుగుల్ని మీరు కొట్టిన మందే చంపేసింది. అందుకే విరుచుకుపడింది. గంగరావులు కొడితే ఈ జిల్లాలో ఒక్క దోమ కూడా తగ్గదు. అత్తమీద కోపం దుత్తమీద చూపించటమంటే ఇదే. దాయాదికి మైల అంటే చెట్లకీ స్నానాలు చేయిస్తారా? నవ్వాలో ఏడవాలో తెలీటంలేదు.

ఆ వరస పోతే తోట పోయినట్టే. శేషాయమ్మగారు అమ్మేస్తారు, నేను ఉద్యోగంలో తలవంచుకుని చేరతాను. ఆ చెట్ల మీద గొడ్డలి పడితే ఆ ఇంటి గడప తొక్కను. ఈ మాట బావకి చెప్పకు. నీలోనే ఉంచుకో. కానీ నా మనసులో ఉన్నది అదే.

యలమంద

చినవెలగపాడు
19-2-87

యలమందా,

చెట్లు కొట్టేశారు.

నీలోనే ఉంచుకో అని రాశావు. మన ఇంట్లో ఉత్తరం ఎలా చదువుతారో నీకు తెలీదా? నేను బావి దగ్గర ఉన్నాను. పోస్టుమేన్ శివకుమారి చేతికిచ్చాడు. అది అరుగుమీద గొంతెత్తి చదివేసింది, చివరి ముక్క నోట్లోంచి వచ్చాక గాని దానికి తెలీలేదు. మీ బావ నిలబడ్డాడు. "గడప తొక్కడట. గడప నాదేగా. తొక్కొద్దను" అన్నాడు. మర్నాడు పొద్దున్నే గొడ్డలి తీసుకుపోయాడు. నీ ఉత్తరం రాకపోతే ఆ చెట్లు ఇంకో నెల బతికేవేమో. బతికేవి కాదేమో. నాకు తెలీదు.

నేను వెళ్ళాను. వద్దన్నాను, చెట్టుకి అడ్డం నిలబడ్డాను. ఊళ్ళో మగాళ్ళందరూ ఉన్నారక్కడ, అందరికీ పత్తి పోయింది. ఎవరి మొహానా నిద్ర లేదు. కోపంతో కొడుతున్నట్టు లేదు, ఏదో ఒకటి చెయ్యకపోతే కూలబడతామన్నట్టు కొడుతున్నారు. సంజీవరావు నా చెయ్యి పట్టుకుని పక్కకి జరిపాడు, "వదినా, మా కడుపుమంట నీకు తెలీదా?" అన్నాడు. తెలుసు. అందుకే జరిగాను. నువ్వు నన్ను ఏమన్నా అను.

పీరు నీకు చెప్పటానికి సత్తెనపల్లి దాకా పరిగెత్తాడు, ఫోను దొరకలేదట.

లావు మానులు బండిచక్రాలకని వడ్రంగులు తీసుకుపోయారు. కొమ్మలు తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు అందరూ పంచుకున్నారు. దాయాది మళ్ళీ లేవకూడదని మొదళ్ళలో ఊక పోసి మంట పెట్టారు. మీ బావ తన వాటా కొమ్మలు నరికి ఆ రోజే గొడ్లపాకకి గుంజలు పాతాడు. ఇంటికొచ్చి స్నానం చేసి, అన్నం తిని, నాలుగు నెలల తరవాత కళ్ళు మూసి నిద్రపోయాడు. నేను నిద్రపోలేదు.

సాయంత్రం మళ్ళీ వెళ్ళి చూశాను. కొట్టేసిన రెమ్మల మీద పూలు ఎప్పటిలాగే ఎర్రబడ్డాయి. వాటికి తెలీదుగా.

అక్క

బ్రాడీపేట, గుంటూరు
1-3-87

సుబ్బరావమ్మ అక్కకి,

శేషాయమ్మగారిని నేనే తీసుకొచ్చాను. మీ ఇంటి ముందు నుంచే కారు పోయింది, ఆపమనలేదు. ఆవిడ ఎండలో నిలబడి "ఇదేనా దారి?" అన్నారు. ఇదేనండి అన్నాను. కాలిన మొదళ్ళు ఒక్కొక్కటే చూసుకుంటూ చివరిదాకా నడిచారు. ఆ వయసులో ఆ ఎండలో గొడుగు కూడా వద్దన్నారు. పోలీసు కేసు పెడతానన్నారు. మా బావే అని చెప్పి వద్దన్నాను. అలా చెప్పటానికి నాకెంత సిగ్గేసిందో నీకు ఎప్పటికీ చెప్పలేను.

స్థలం అమ్మేస్తానన్నారు. వానాకాలం దాకా ఆగమని అడిగాను. ఎందుకు అన్నారు. నా దగ్గర జవాబు లేదు. అయినా ఆగుతానన్నారు, చావు ఇంటికి వచ్చినవాళ్ళు కాసేపు కూర్చున్నట్టు.

నర్సరీలో గంగరావి మొక్కలు దొరుకుతాయి. ఏ ఊరి విత్తనమో, ఏ సముద్రం ఒడ్డు చెట్టో. తెచ్చి పాతితే గంగరావులే, కాదనను. కానీ ఆ దారిలో జమీందారుగారి చేత్తో పెట్టినవి ఈ పద్నాలుగే మిగిలాయి. మండపం రాయి పోతే ఆ రాయి లాంటిది తెస్తాం. వాటిని ఎక్కణ్ణుంచి తేను? బావ వాటితో గొడ్లపాక వేసుకున్నాడట. సంతోషం. గేదెలకైనా జమీందారీ దక్కింది.

పెళ్ళికి నేను రాను. గంప మొయ్యటానికి ఇంకెవరినైనా చూసుకోండి. ఈ ఉత్తరం అరుగుమీదే చదివించు, నాకు అభ్యంతరం లేదు.

యలమందయ్య

చినవెలగపాడు
5-4-87

తమ్ముడూ,

శుభలేఖ వేరే కవర్లో పంపాను. చుట్టూ పసుపు రాసింది శివకుమారి, నీ పేరు రాసింది కూడా అదే. అందరి పేర్లూ నేను రాశాను, మేనమామది తనే రాస్తానంది.

నీ ఉత్తరం అరుగుమీద చదివించలేదు. మొదటిసారి ఒక ఉత్తరం నేనొక్కదాన్నే చదివాను. సంజీవరావు, "ఏం రాశాడు?" అన్నాడు. జ్వరంగా ఉందట అన్నాను.

గంప మొయ్యటానికి మనిషి దొరకడని కాదు. సంజీవరావు మోస్తానన్నాడు, మీ బావ చిన్నాన్న కొడుకులున్నారు. దానికి అక్కర్లేదట. మామయ్య రాకపోతే నడిచే వస్తానంది. పెళ్ళికూతురు నడిచి పీటల మీదికి వస్తే పిడుగురాళ్ల వాళ్ళు ఏమనుకుంటారే అంటే, "మా మామయ్యకి కోపమొచ్చిందని చెప్పు" అంది. మొండిది. ఎవరి పోలికో నాకు తెలుసు.

నువ్వు కోపంలో ఉంటే నాకు ముద్ద దిగదు, చిన్నప్పట్నుంచీ అంతే. చెట్ల గురించి నాకు బాధ లేదనుకోకు. ఇప్పుడు గట్టు మీదకి పోతే మిట్టమధ్యాహ్నం నిలబడటానికి చోటు లేదు. కూలి మనుషులు సద్ది తినటానికి బండి కింద దూరుతున్నారు. కొట్టినవాళ్ళే అడుగుతున్నారు, ఇక్కడ నీడ ఉండేది కదా అని.

రా.

అక్క

చినవెలగపాడు
29-4-87

యలమందా,

నువ్వు జవాబు రాయలేదు. అయినా రాస్తున్నాను, రాయకుండా ఉండలేక.

మొదట దోమ సంగతి. పెరట్లో నాలుగు వంగమొక్కలు పెట్టాను. గంగరావులు పోయి రెండు నెలలైంది, చేలో పత్తి లేదు. ఆ వంగాకు కింద తెల్లదోమ. మీ బావని పిలవలేదు, ఆయనే చూశాడు. ఆకు తిప్పాడు, చూశాడు, మళ్ళీ నెమ్మదిగా ఎలా ఉండేదో అలా తిప్పి పెట్టాడు.

తరవాత గొడ్లపాక. కుడితి గోలెం పక్కన పాతిన గుంజ మీద ఏదో పచ్చగా కనపడింది. చిలక అనుకున్నాను. దగ్గరికి పోతే చిగురు. ఒరేయ్, ఆ గుంజ చిగిర్చింది! దాని పక్కదీ చిగిర్చింది. గేదెల్ని కడిగిన నీళ్ళు ఎంతవరకు పారతాయో అంతవరకు అన్ని గుంజలూ చిగిర్చాయి. ఆకు కోసి చూశాను, గుండెకాయ ఆకారం, గంగరావే. అప్పుడే మీ బావ వెనకొచ్చి నిలబడ్డాడు. ఆయన ఒక చేత్తో గుంజని కదిపి చూశాడు. కదల్లేదు. వేరు పట్టింది.

నాకిక ఇంట్లో కాలు నిలవలేదు. ఊరంతా తిరిగాను, పెళ్ళి పిలుపులని చెప్పి. సంజీవరావు ఇంట్లో అంట్లు తోమే జాలాది దగ్గర పాతిన గుంజ చిగిర్చింది. చాకలి వాళ్ళ బాన పక్కది చిగిర్చింది. ఊరి కళ్ళంలో కావిడి నీళ్ళు దించే చోట పాతినది నా ఎత్తుకి రెమ్మలేసింది. తడి తగిలినవన్నీ లేచాయి, తడి లేనివి కట్టెలయ్యాయి. దాయాది మళ్ళీ లేవకూడదని అక్కడ మంట పెట్టారు, అది ఇంటింటా లేచి కూర్చుంది. ఎవరూ పీకలేదు. పీకుతారేమోనని ప్రతి ఇంట్లోనూ భయపడుతూ చూశాను. "చిగిర్చిన గుంజ పీకుతారా వదినా, పాపం" అన్నాడు సంజీవరావు. ఆ చెయ్యే నన్ను పక్కకి జరిపింది.

నువ్వు ఎక్కణ్ణుంచి తేను అన్నావే, మా గొడ్లపాకలోంచి తీసుకుపో. ఆ చెట్ల కొమ్మలే ఇవి, వేరే ఊరి విత్తనం కాదు.

నిన్న పెళ్ళిపందిరికి పాక పక్కనుంచి తాడు లాగుతూ ఒక మనిషి చిగురు విరిచాడు. మీ బావ వాణ్ణి అరిచిన అరుపుకి వీధి వీధంతా బయటికొచ్చింది. పొద్దున్నే లేచి ఎవరూ చూడటంలేదనుకుని ఆ గుంజలకి చెంబుతో నీళ్ళు పోస్తున్నాడు. నేను చూడనట్టే ఉంటున్నాను.

ఆయన తప్పయిందని అనడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో నాతోనే అనలేదు, నీతో ఏమంటాడు? కానీ ఈ ఉత్తరం రాస్తుంటే గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. లోపలికి రాడు, పోడు. చివరికి అన్నాడు, "మీ తమ్ముణ్ణి ఒక మాట అడుగు. తోటలోకి మార్చాలంటే గుంజ ఎంత లోతు పాతాలట?"

అడుగుతున్నాను. ఈసారైనా అడిగినదానికి జవాబు రాయి.

అక్క

బ్రాడీపేట, గుంటూరు
2-5-87

అక్కా,

కార్డులో ఎక్కువ పట్టదు. తోటల చదువు చదివినవాణ్ణి. పచ్చి గంగరావి కొమ్మ తడిలో పాతితే ఏమవుతుందో నా పుస్తకంలో ఉంది. పాకకి గుంజలు పాతాడని నువ్వు రాసినప్పుడు నాకు కోపం గుర్తొచ్చింది గానీ పుస్తకం గుర్తు రాలేదు. శేషాయమ్మగారికి ఇప్పుడే తంతి ఇచ్చాను, వానాకాలం దాకా ఎందుకు ఆగాలో తెలిసిందని.

బావకి చెప్పు. ఇప్పుడు కదపొద్దు. తొలి వానలు పడ్డాక మట్టి గడ్డతో సహా తీసి, మూరన్నర లోతు. ఊళ్ళో మిగతావాళ్ళ గుంజలు కూడా అడగమను, బావ అడిగితే కాదనరు. పాత వరసలోనే, మొదళ్ళు కాలిన చోట్ల పక్కనే.

బుధవారం పొద్దున బస్సుకి వెంకటరావమ్మా నేనూ బయలుదేరుతున్నాం. గంప గట్టిది చూడు. ఈ కార్డు అరుగుమీద అందరికీ వినపడేట్టు మా శివకుమారి చేతే చదివించు.

యలమంద